డాన్స్ మానిపిస్తే ఆ గంట ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: నమస్కారం మేడమ్. మేము మల్కాజిగిరిలో ఉంటాం. మా పాపకి 13 ఏళ్ళు, ఎనిమిదో తరగతి పరీక్షలు రాసింది. అయిదేళ్ళుగా కూచిపూడి నేర్చుకుంటోంది. జూన్ నుంచి స్కూల్లో ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో వేస్తామంటున్నారు, సాయంత్రం ఆరింటిదాకా ఉంటుందట. మావారు ‘ఇంటర్ అయ్యేదాకా డాన్స్ పక్కన పెట్టండి, తర్వాత చూద్దాం’ అంటున్నారు. మా అత్తయ్యగారేమో ‘పెద్దమనిషైన పిల్లకి స్టేజీలెందుకు’ అంటారు. పాప ఏమీ అనలేదు. గజ్జెలు తీసి బీరువా పైన పెట్టేసింది. డాన్స్ వల్ల చదువుకి లాభమని మీరు ఏదైనా గట్టిగా రాస్తే మావారికి చూపిస్తాను. ఇంకో సంగతి. మా బాబు అయిదో తరగతి. అక్కని చూసి తనూ నేర్చుకుంటానంటే ఇంట్లో అందరం నవ్వాం. ఇప్పుడు వాడూ అడగడం మానేశాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, మల్కాజిగిరి

అమ్మా,

మీ ఉత్తరం మడిచి పెట్టాక కూడా బీరువా పైనున్న గజ్జెలు నా కళ్ళ ముందు నుంచి పోలేదు. పిల్ల ఏడవలేదు, అలగలేదు, ఎందుకని అడగలేదు. ఇంట్లో మాట తేలకముందే తేలిపోయిందనుకుంది. అందుకని ముందు ఆ గజ్జెలు కిందికి దించండి, ఈ రోజే. రేపు మీరు ఏం నిర్ణయించుకున్నా సరే, ఇంకా ఏదీ ఖాయం కాలేదని పిల్లకి తెలియాలి.

ఇక మీరు అడిగిన గట్టి మాట. డాన్స్ నేర్చుకుంటే మార్కులు పెరుగుతాయని నేను రాసివ్వలేను. 31 ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఆ మాట ఖాయంగా అనగలిగితే ఎప్పుడో ప్రతి తల్లికీ చెప్పేదాన్ని. మీరు కూడా మీవారికి అలాంటి హామీ ఇవ్వకండి. ఇచ్చారంటే, యూనిట్ టెస్టులో నాలుగు మార్కులు తగ్గిన రోజున నేరమంతా డాన్స్ మీద పడుతుంది. సైన్స్ చదివితే తెలుగులో మార్కులు పెరుగుతాయా అని మనం ఎవరినీ అడగం. సోషల్ వల్ల లెక్కలకి ఏం లాభమనీ అడగం. డాన్స్‌ని మాత్రం ఇంకో సబ్జెక్టుకి సాయం చేస్తేనే ఇంట్లో ఉండనిస్తామంటాం. ఆ తూకం నాకు మొదటి నుంచీ తప్పుగానే అనిపిస్తుంది.

అలా తూకం వేసి నేనూ ఒక తప్పు చేశాను. చాలా ఏళ్ళ కిందటి సంగతి. పదో తరగతికి క్లాస్ టీచర్ని. క్లాసులో ఒక అమ్మాయి భరతనాట్యం నేర్చుకునేది. అర్ధ సంవత్సరం పరీక్షల్లో లెక్కల మార్కులు తగ్గాయని వాళ్ళమ్మని పిలిపించి, పబ్లిక్ పరీక్షలయ్యేదాకా డాన్స్ ఆపెయ్యమని నేనే చెప్పాను. టీచర్ మాట కదా, మర్నాడే ఆపేశారు. ఆ పిల్లకి ఆఖరికి వచ్చిన మార్కులు డాన్స్ ఉన్నప్పుడు ఎలా వచ్చేవో అలాగే వచ్చాయి. తర్వాత ఒకసారి బస్‌స్టాప్‌లో వాళ్ళమ్మ కనిపించి, ‘ఆ గంట పుస్తకం ముందేసుకుని కూర్చునేదండీ, పేజీ మాత్రం తిరిగేది కాదు’ అంది. నన్ను తప్పుపట్టాలని అనలేదు, ఊరికే చెప్పింది. ఆ పిల్ల మళ్ళీ క్లాసుకి వెళ్ళలేదట. తన తర్వాత చేరినవాళ్ళు తనని దాటిపోయారని సిగ్గుపడిందట. ‘తర్వాత చూద్దాం’ అన్నప్పుడు మనం పట్టించుకోనిది ఇదే. ఇంటర్ అయ్యేదాకా అంటే నాలుగేళ్ళు. పెద్దవాళ్ళకి నాలుగేళ్ళంటే నాలుగేళ్ళే. ఆ వయసు పిల్లకి నాలుగేళ్ళలో ఒళ్ళు మారుతుంది, స్నేహాలు మారతాయి, ధైర్యం మారుతుంది. వదిలేసిన చోట అందుకోవడం చాలా కష్టం.

కాబట్టి మీవారికి నా మాటలు చూపించడం కన్నా, ఒక సాయంత్రం ఆయన్ని క్లాసుకి తీసుకెళ్ళండి. పాపని దింపి ఫోన్ చూసుకుంటూ బండి మీద కూర్చోవడం కాదు, లోపల గంటసేపు కూర్చోమనండి. ఏం చూడాలో చెబుతాను.

టీచర్ చెక్క మీద కర్రతో ఆదితాళం వేస్తుంటారు. ఎనిమిది దెబ్బలకి ఒక చుట్టు, దాన్నే ఆవృతం అంటారు. దెబ్బకి నాలుగు అక్షరాలు అనుకుంటే సగం ఆవృతానికి పదహారు. చివరి సగంలోని ఆ పదహారులో ‘తధిగిణతోం’ మూడుసార్లు ఆడి ముగించాలి. త, ధి, గి, ణ, తోం. అయిదు. మూడయిదులు పదిహేను. ఒకటి మిగిలిపోయింది. ఆ ఒక్క అక్షరాన్ని ముందే వదిలేసి, కాలు ఎత్తకుండా ఆగి, రెండోదాని మీద అందుకోవాలి. అప్పుడే మూడో ‘తోం’ అయ్యాక పాదం సరిగ్గా సమం మీద, అంటే కొత్త చుట్టు మొదటి దెబ్బ మీద పడుతుంది. ఆగలేక మొదటి అక్షరం మీదే ఎత్తుకున్న పిల్ల ముందే అయిపోగొట్టేసి, దెబ్బ పడేదాకా ఏం చేయాలో తెలియక నిలబడుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో ఆ పిల్లకి వెంటనే తెలుస్తుంది. ఎర్ర ఇంకుతో ఎవరూ సున్నా చుట్టక్కర్లేదు.

ఇదంతా ఒక్క కాలంలో. రెండో కాలంలో అవే అడుగులు రెట్టింపు వేగం, మూడో కాలంలో నాలుగు రెట్లు. తాళం మాత్రం తన నడక తను నడుస్తూనే ఉంటుంది. దెబ్బకి ఎన్ని అక్షరాలో చెప్పే నడకలూ ఉన్నాయి. తిశ్రమైతే మూడు, చతురస్రం నాలుగు, ఖండం అయిదు, మిశ్రం ఏడు, సంకీర్ణం తొమ్మిది. పదమూడేళ్ళ పిల్ల ఇవన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టకుండా ఒంట్లో పెట్టుకుని తిరుగుతోంది. దీన్ని లెక్కలకి మెట్టు అనడం నాకిష్టం లేదు. దీన్ని నేర్చుకోవడమే ఒక చదువు.

ఇంకొకటి గమనించమనండి. ఆ గంటలో టీచర్ ‘మళ్ళీ’ అని ఎన్నిసార్లంటారో. మోకాళ్ళు ఇంకా వంచు, మళ్ళీ. భుజాలు దించు, మళ్ళీ. చూపు చేతితోపాటు వెళ్ళాలి, మళ్ళీ. పాప చిన్నబుచ్చుకోదు, మళ్ళీ చేస్తుంది. బడిలో మేము ఏం చేస్తామంటే, తప్పు చేసిన లెక్కకి మార్కు కోసి తర్వాతి పాఠంలోకి వెళ్ళిపోతాం. సిలబస్ అవ్వాలి కదా. బీజగణితంలో వదిలేసిన సందేహం ఆ పిల్లవాడితోపాటే పై తరగతికి వెళ్తుంది. డాన్స్ క్లాసులో అడుగు కుదరకపోతే తర్వాతి అడుగు చెప్పరు. వచ్చేదాకా చేయించే పద్ధతి పిల్లలకి దొరికే చోట్లు ఇప్పుడు బాగా తక్కువ. ఉన్న ఒక్క చోటునీ తీసేసేముందు బాగా ఆలోచించాలి.

మన ఊరి పిల్లలకి సంబంధించిన మాట ఒకటి. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలు తెలుగు వాచకం తడుముకుంటూ చదువుతారు. అదే పిల్లలు కూచిపూడిలో సత్యభామ ప్రవేశ దరువు, అంటే ఆ పాత్ర స్టేజీ మీదికి వచ్చేటప్పటి పాట, నోటికి చెబుతారు. పదపదానికీ అర్థం తెలియకపోతే ముఖంలో పలకదు కాబట్టి టీచర్ అర్థం చెప్పి తీరాలి. పాపని అడిగి చూడండి, వాళ్ళ తెలుగు టీచర్ ఆశ్చర్యపోయేటన్ని మాటలు చెబుతుంది.

ఒంటి సంగతి కూడా మీవారితో మాట్లాడండి, దీనికి ఆయన దగ్గర జవాబు ఉండదు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆరింటిదాకా స్కూలు, ఇంటికొచ్చి హోంవర్కు. మీ పాప ఎక్కడ కదులుతుంది? మన కాలనీల్లో ఖాళీ స్థలమంతా కార్లే. ఉన్న కాస్త చోటులో మగపిల్లలు క్రికెట్ ఆడతారు. ఆడపిల్ల ఏడో తరగతికొచ్చేసరికి కిందికి దిగడం మానేస్తుంది. ఆ వయసులోనే వాళ్ళు భుజాలు ముందుకు వంచి, పుస్తకాలు గుండెకి హత్తుకుని, ఒంటిని దాచుకుంటూ నడవడం మొదలుపెడతారు. క్లాసులో ఏటేటా చూశాను. డాన్స్ నేర్చుకునే పిల్లలు మాత్రం వీపు నిటారుగా పెట్టి నడిచేవాళ్ళు.

స్కూళ్ళ గురించి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. చాలా స్కూళ్ళు తమ దగ్గర డాన్స్ ఉందంటాయి. అది యాన్యువల్ డే డాన్స్. నెలముందు నుంచీ పీరియడ్లు ఆపి ఒకే సినిమా పాటకి ఒకే స్టెప్పులు. చురుకైనవాళ్ళు, ఎర్రగా ఉన్నవాళ్ళు ముందు వరసలో, మిగతావాళ్ళు వెనక చెట్లూ కొండలూ. డ్రెస్సు అద్దె తల్లిదండ్రుల మీద. ఆ రాత్రి అయిపోగానే మళ్ళీ ఏడాదిదాకా ఎవరికీ గుర్తుండదు. సినిమా పాటంటే నాకేం కోపం లేదు. వెనక వరసలో నిలబెట్టిన పిల్ల అందులో ఏం నేర్చుకుందన్నదే నా బాధ.

మన బతుకమ్మనే చూడండి. అందులో ముందు వరస ఉండదు. గుండ్రంగా తిరుగుతారు, చప్పట్లు చరుస్తారు, అమ్మమ్మ పక్కన మనవరాలు. రానిది పక్కవాళ్ళని చూసి రెండు చుట్లు తిరిగేసరికి వచ్చేస్తుంది. డాన్స్ అందరి చదువూ ఎలా అవుతుందో మన ఆడవాళ్ళకి ఎప్పటి నుంచో తెలుసు.

మా స్కూల్లో ఒక ఏడాది మా పీఈటీ సారు ఎనిమిదో తరగతికి జడ కోలాటం నేర్పారు. మధ్యలో గుంజ, దాని పైనుంచి రంగు రంగుల తాళ్ళు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో తాడు. సగంమంది ఇటు, సగంమంది అటు, ఒకరి లోపల నుంచి ఒకరు, ఒకరి బయట నుంచి ఒకరు తిరుగుతుంటే గుంజ మీద జడ పడుతుంది. అల్లడం అందరూ చేశారు. విప్పడం దగ్గర చిక్కొచ్చింది. విప్పాలంటే చివర వేసిన అడుగు ముందు తీయాలి, దానికి ముందుది తర్వాత. ఒక్కడు తొందరపడినా పదహారు తాళ్ళూ చిక్కుపడేవి. నా క్లాసులో ఎప్పుడూ నోరు తెరవని కుర్రాడొకడు గుంజ దగ్గర నిలబడి, ‘నువ్వు కాదు, ముందు ఆమె లోపల నుంచి రావాలి’ అని అందరినీ నడిపించాడు. సమీకరణంలో చివర కూడినదాన్ని ముందు తీసేయాలని నేను బోర్డు మీద ఎన్నోసార్లు చెప్పాను. ఆ అబ్బాయికి ఆ సంగతి అంత బాగా తెలుసని నాకు ఆ రోజుదాకా తెలియదు. వాడికి తెలిసినది చూపించే చోటు నా క్లాసులో లేదు, గ్రౌండ్‌లో ఉంది.

2020 జాతీయ విద్యా విధానంలో కళలకీ సైన్సుకీ మధ్య, పాఠానికీ పాఠ్యేతరానికీ మధ్య గట్టి గోడలు ఉండకూడదని రాశారు. మంచి మాట. టైంటేబుల్లోకి ఇంకా పూర్తిగా రాలేదు. పేరెంట్స్ మీటింగ్‌లో మీలాంటివాళ్ళు నలుగురు నిలబడి అడిగితే వస్తుంది. నెలకొకసారి మార్కుల గురించి అడిగినట్టే, వారానికి ఒక పీరియడ్ అందరు పిల్లలూ ఆడే డాన్స్ ఎందుకు లేదని అడగండి.

మీ అత్తయ్యగారి మాట దగ్గరికి వస్తాను. ఆవిణ్ణి పాతకాలం మనిషని తీసిపారేయకండి. ఆవిడ భయం గాల్లోంచి రాలేదు. గుళ్ళలో ఆడిన దేవదాసీలని, మన వైపు కళావంతులని పిలిచేవాళ్ళని, లోకం వాడుకుంది, చిన్నచూపూ చూసింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆడపిల్లల్ని దేవుడికి అంకితం చేయడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ ఆచారం పోవలసిందే. దాంతోపాటు ఆ ఆడవాళ్ళ దగ్గరున్న విద్య కూడా పోయేదే. హైదరాబాద్‌లో ఉండి పనిచేసిన నటరాజ రామకృష్ణగారు ఆ వృద్ధ కళాకారిణుల దగ్గర కూర్చుని, వాళ్ళకి గుర్తున్నది కూడబెట్టి ఆంధ్రనాట్యాన్ని నిలబెట్టారు. బెంగాల్లో మంచి ఇంటి ఆడపిల్ల ఆడటమా అని ముక్కున వేలేసుకునే రోజుల్లోనే రవీంద్రనాథ్ టాగోర్ శాంతినికేతన్‌కి మణిపురి గురువుల్ని రప్పించి చదువులో భాగంగా డాన్స్ చెప్పించారు. మన రవీంద్రభారతి ఆయన పేరు మీదే ఉంది. అత్తయ్యగారిని ఒకసారి అక్కడికి ప్రోగ్రాంకి తీసుకెళ్ళండి. వాదించకండి, తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టండి.

ఈ సెలవుల్లో వీలైతే అందరూ కలిసి రామప్ప వెళ్ళిరండి. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. కాకతీయ గణపతిదేవుడి గజసేనాని జాయప రాసిన నృత్తరత్నావళినీ, ఈ గుడి శిల్పాలనీ దగ్గర పెట్టుకునే రామకృష్ణగారు పేరిణి అనే వీరనృత్యానికి తిరిగి రూపు కట్టించారు. రాయి మీద ఆగిపోయిన భంగిమ ఎక్కడి నుంచి మొదలై ఎక్కడికి వెళ్తుందో పాపని నిలబడి చూపించమనండి. తన మనవరాలికి ఏం వచ్చో అత్తయ్యగారికి అక్కడ తెలుస్తుంది.

బాబు గురించి రాసిన నాలుగు ముక్కలు నన్ను ఎక్కువ బాధపెట్టాయి. నవ్వినందుకు వాడికి అందరూ కలిసి సారీ చెప్పండి. కృష్ణా జిల్లా కూచిపూడి ఊళ్ళో తరతరాలుగా ఆడినవాళ్ళు మగవాళ్ళే. సత్యభామ వేషం కూడా వాళ్ళే కట్టేవాళ్ళు. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామని చూసి ఆడవాళ్ళే మురిసిపోయేవారు. ఆడపిల్లలకి నేర్పడం వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారిలాంటి వాళ్ళతో మొదలై, వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టాక విరివిగా సాగింది. అంటే మీ ఇంట్లో కూచిపూడికి కొత్త పాపే, బాబు కాదు. వాడికి లాలిత్యం కన్నా ఊపు ఇష్టమైతే పేరిణి ఉంది. ఆదిలాబాద్ గోండుల నృత్యం గుస్సాడీ ఆడి, నేర్పించిన కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారని వాడికి చెప్పండి, ఫొటోలు చూపించండి. నెమలి ఈకల తలపాగా చూస్తే వాడు వదలడు.

ఇప్పుడు జూన్ నుంచి ఏం చేయాలో.

ముందు పాపని ఒంటరిగా కూర్చోబెట్టుకుని అడగండి. ఒకవేళ తనకే విసుగొచ్చి ఉంటే, మీకోసం వెళ్తుంటే, ఆపేయడం తప్పు కాదు. తను కావాలంటే మాత్రం పూర్తిగా ఆపకండి, తగ్గించండి. వారానికి రెండు క్లాసులు, ఇంట్లో రోజూ అరగంట. పోటీలు, మెమెంటోల కోసం ఆదివారాలు తిరిగే ప్రోగ్రాములు ఈ రెండేళ్ళు వద్దు. వాటివల్ల పోయే టైమే ఎక్కువ. రంగప్రవేశం, అంటే మొదటి పూర్తి సోలో ప్రదర్శన, దానికి తొందరేం లేదు. లక్షల్లో ఖర్చు, నెలల తరబడి టెన్షన్. పదో తరగతి దాటాక ఆలోచించొచ్చు. పబ్లిక్ పరీక్షల ముందు రెండు నెలలు క్లాసు ఆపినా, ఇంట్లో పావుగంట అడుగులు మాత్రం ఆపనివ్వకండి. ఆ తాడు తెగకుండా ఉంటే చాలు.

ఫౌండేషన్ బ్యాచ్ విషయంలో లెక్కల టీచర్‌గా నా అభిప్రాయం, తొమ్మిదో తరగతి పుస్తకంలో ఉన్న బీజగణితం, రేఖాగణితం రుజువులు తన చేత్తో తను చేయగలిగితే పునాది పడినట్టే. దానికి ఆరింటిదాకా రోజూ కూర్చోనక్కర్లేదు. వారంలో రెండు సాయంత్రాలు మినహాయింపు ఇమ్మని స్కూలుకి లిఖితపూర్వకంగా అడగండి. కుదరదంటే మామూలు సెక్షన్‌లో వేయమనండి. ఇంజనీరింగ్ దారి అంతటితో మూసుకుపోదు.

డాన్స్ టీచర్‌తో కూడా విడిగా మాట్లాడండి. పిల్లల లావూ రంగూ గురించి పదిమందిలో మాటలంటున్నా, ప్రోగ్రాంకి డబ్బు కట్టకపోతే అడుగు చెప్పనంటున్నా ఆలోచించకుండా గురువుని మార్చండి. గ్రానైట్ నేల మీద గంటలు గంటలు తట్టితే మోకాళ్ళకీ మడమలకీ మంచిది కాదు. నొప్పి నాలుగు రోజులు తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి, ఓర్చుకోమని చెప్పకండి.

‘డాన్స్‌తో రేపు ఏం చేస్తుంది’ అని మీవారు అడుగుతారు. సీబీఎస్‌ఈలో పదకొండు, పన్నెండు తరగతుల్లో కూచిపూడి ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. సికింద్రాబాద్‌లో భక్త రామదాసు, రాంకోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలున్నాయి, మీకు మొదటిది దగ్గర. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీలో డాన్స్‌లో పీజీ ఉంది. అందరూ అటే వెళ్ళాలని కాదు. ఇంజనీరై కూడా సాయంత్రం గజ్జె కట్టేవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమందో.

ఒక్కటి మాత్రం ఆలస్యం చేయొద్దు. కళల శిక్షణ చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఆర్టీ 10 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి సంప్రదాయ కళల్లో స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఎంపికైతే ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు కొనసాగుతుంది. దాని ప్రాంతీయ కేంద్రం మన మాదాపూర్‌లోనే ఉంది. మీ పాపకి 13. అంటే వయసు పరిమితి దగ్గరపడింది. వచ్చే నోటిఫికేషన్ ఎప్పుడో కనుక్కుని, వయసు లెక్క ఏ తేదీకి చూస్తారో అడిగి, బర్త్ సర్టిఫికెట్, గురువుగారి సంతకం సిద్ధంగా పెట్టుకోండి. బాబుకి ఇంకా నాలుగేళ్ళ టైముంది. ఈ జూన్‌లో చేర్పిస్తే వాడికీ సరిపోతుంది.